గంగారాం సంబంధం

మా చెల్లెలికి సంబంధం వచ్చిందని నాన్న రాసిన ఉత్తరం అందిన పూట, నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో వంటింటి గడప మీద కూర్చుని చింతపండులో ఈనెలు తీస్తున్నాను. 1974 నాటి మాట. ఖరగ్‌పూర్ బెంగాల్లో ఉందన్న మాటేగాని, బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు అక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటినుంచీ మనవాళ్ళు వెళ్ళి వేళ్ళూనుకున్న ఊరది. మా సందులో ఆ చివర శ్రీకాకుళం యాస, ఈ చివర విజయనగరం యాస. మధ్యలో మా పక్కింటి మాషీమా. మాషీమా అంటే మన పిన్నిగారు అనుకోండి. ఆవిడకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా మా మాటలకి ఏనాడూ లోటు రాలేదు.

ఉత్తరం చదివి ఆవిడకి అర్థం చెప్పాను, సగం హిందీలో, సగం చేతుల్తో. పిల్లవాడు బుద్ధిమంతుడట. బి.కాం. దాకా చదివాడట. ఆస్తి ఉందిగాని ప్రస్తుతం కోర్టులో ఉందట. అన్నగారు కాస్త దురుసు మనిషట, వేరే ఉంటాడట. పిల్లవాడికి అప్పుడప్పుడు ఒంట్లో నలతగా ఉంటుందట, పెళ్ళయితే సర్దుకుంటుందన్నారట. అయితేనేం, వంశం గొప్పదట.

మాషీమా వింటూ వింటూ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఇక ఆగలేక "గంగారాం! గంగారాం!" అని అరిచింది. లోపల్నుంచి ఆవిడ చిన్నకొడుకు, ఏడేళ్ళ వెధవ, లెక్కల పుస్తకం పట్టుకునే పరుగెత్తుకొచ్చి, గడగడా ఓ పద్యం అప్పజెప్పేశాడు. తల్లీ కొడుకూ ఒకరు ఆగిన చోట ఒకరు అందుకుని నవ్వుతూంటే నేను చింతపండు చేతుల్తో అలా చూస్తూ కూర్చున్నాను. సుకుమార్ రాయ్ పేరు నేను మొదటిసారి విన్నది ఆ పూటే.

ఆ పద్యం పేరు 'సత్పాత్ర'. యోగ్యుడైన వరుడు అని అర్థం. ఒకాయన పెళ్ళికూతురి తండ్రిని పలకరించి, మీకు దొరికిన అల్లుడు ఎలాంటివాడో చెబుతాను వినండి అంటాడు. వరుడి పేరు గంగారాం. నలుపు, ముఖం చూస్తే గుడ్లగూబ గుర్తొస్తుంది. చదువు మీద మాత్రం మహా పట్టుదల, మెట్రిక్ పంతొమ్మిదిసార్లు తప్పాకగాని మానలేదు. డబ్బు లేదు. అన్నదమ్ముల్లో ఒకడికి పిచ్చి, ఒకడు రౌడీ, ఒకడు దొంగనోట్లు అచ్చువేసి జైల్లో ఉన్నాడు, ఇంకొకడు నాటకాల్లో తబలా కొడతాడు. వరుడికి కామెర్లూ ఉన్నాయి, ప్లీహం వాచిన జ్వరమూ ఉంది. అయితేనేం, కంసరాజు వంశమండీ! చెప్పే పెద్దమనిషి ఎక్కడా గొంతు పెంచడు, ఎక్కడా వెటకారంగా మాట్లాడడు. మన పెళ్ళిళ్ళ పేరయ్యలాగే, ప్రతి అవలక్షణానికీ పక్కన ఓ 'గాని' చేర్చుకుంటూ పోతాడు.

పద్యాన్ని ఇలా వచనంలో చెప్పడం మినపగారెని నీళ్ళలో నానేసి పెట్టడమేనని నాకు తెలుసు. ఆ కరకర అంతా ఛందస్సులో ఉంది. కాని ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నేను చేసింది అదే. మాషీమా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, గంగారాం గుణగణాలన్నీ తెలుగులో రాసి, నాన్నకి వేసిన జవాబులో పెట్టేశాను. నాన్నకి కోపం వచ్చింది. పెళ్ళి మాటల్లో వెటకారమేమిటని నాలుగు వాక్యాల కార్డు రాశారు. అమ్మ మాత్రం ఆ కాగితాన్ని చెల్లెలి చేత రెండుసార్లు చదివించుకుని నవ్విందట. నవ్వాక, మధ్యవర్తి మళ్ళీ వచ్చినప్పుడు తలుపు చాటునుంచి, జన్మలో మొదటిసారిగా, ఓ ప్రశ్న వేసిందట: "బి.కాం. దాకా అన్నారు. దాకా అంటే లోపలా, బయటా?" బయటేనని తేలింది. తర్వాత ఇంకొన్ని కూడా తేలాయి, అవి ఇక్కడ ఎందుకులెండి.

ఓ పద్యంవల్ల సంబంధం తప్పిపోయిందని నేను అనను. కాని ఆ పద్యంలో ఓ గమ్మత్తు ఉంది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లని తూచే రాళ్ళు మనందరికీ తెలుసు. రంగు, ముఖం, చదువు, తోబుట్టువులు, ఆరోగ్యం. సరిగ్గా ఆ రాళ్ళతోనే ఈయన మగపిల్లవాణ్ణి తూచాడు. నేనూ నలుపే. నలుపుని అవలక్షణాల జాబితాలో మొట్టమొదట వేసినందుకు ఈ నాటికీ ఆ చోట నాకు చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. ఈ రోజుల్లో రాసి ఉంటే ఎవరైనా అడిగి ఉండేవారు కూడా. కాని ఆ ముల్లు ఈసారికి అవతలివైపు తిరిగి ఉందికదా అని, గుచ్చుకుంటూనే నవ్వుకుంటాను.

ఆ తర్వాత నేను బెంగాలీ అక్షరాలు నేర్చుకున్నది శరత్ నవలల కోసం కాదు, ఈ పిల్లల పుస్తకం కోసం. మాషీమా ఇంట్లో ఉన్న 'ఆబోల్ తాబోల్' ప్రతికి అట్ట ఊడిపోయి ఉండేది. ఆబోల్ తాబోల్ అంటే అవాకులూ చవాకులూ. పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరే అది.

ఇంతకీ మనిషి ఎవరంటే, మన సత్యజిత్ రాయ్ తండ్రి. 'పథేర్ పాంచాలి' తీసిన సత్యజిత్ రాయ్. 1887 అక్టోబరు 30న కలకత్తాలో పుట్టారు. ఆయన తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి కూడా పిల్లల రచయితే. గూపీ, బాఘా కథ రాసింది ఆయనే. ఆ కథనే మనవడు సత్యజిత్ 1969లో సినిమా తీశాడు. ఉపేంద్రకిశోర్ కథలతో ఊరుకోలేదు. పుస్తకాల్లో బొమ్మలు అలుక్కుపోయినట్టు పడుతున్నాయని విసుగెత్తి, హాఫ్‌టోన్ బ్లాకులు చేసే విద్య స్వయంగా నేర్చుకుని, యు. రాయ్ అండ్ సన్స్ అని ప్రెస్సు పెట్టారు. 1913లో పిల్లల కోసం 'సందేశ్' అనే మాసపత్రిక మొదలుపెట్టారు. సందేశ్ అంటే కబురూ అవును, బెంగాలీవాళ్ళు ప్రాణం పెట్టే మిఠాయీ అవును. పేరులోనే రెండూ ఉన్నాయి.

ఇక ఆ ఇంటి ఆడవాళ్ళ సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. సుకుమార్ తల్లి విధుముఖి. ఆమెకి సవతి తల్లి కాదంబినీ గంగూలీ, మన దేశంలో మొట్టమొదట పట్టభద్రులైన స్త్రీలలో ఒకరు, డాక్టరు కూడా. అక్క సుఖలత పిల్లల పుస్తకాలు రాసింది. చెల్లెలు పుణ్యలత తమ చిన్ననాటి ముచ్చట్లు రాసింది. చిన్నప్పుడు అన్నయ్య నాన్నగారి పుస్తకాల్లోని జంతువుల బొమ్మలు చూపిస్తూ కథలు చెప్పేవాడనీ, బొమ్మలు అయిపోతే లేని జంతువుల్ని కల్పించి వాటికి పేర్లు కూడా పెట్టేవాడనీ ఆమె రాయబట్టే మనకి తెలుసు. ఇంతమంది చదువుకున్న ఆడవాళ్ళ మధ్య పెరిగిన మనిషి రచనల్లో ఆడపిల్లలు ఎందుకు అంత తక్కువ? దీనికి మళ్ళీ వస్తాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండిట్లోనూ ఆనర్సు చేశారు. అప్పటికే 'నాన్సెన్స్ క్లబ్' అని ఒకటి పెట్టి, దానికో చేతిరాత పత్రిక నడిపారు. పత్రిక పేరు 'ముప్పైరెండున్నర వేపుడు' అన్నమాట. వీధుల్లో అమ్మే కారపు మిశ్రమాల పేరది. 1911లో స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళి, లండన్లోనూ మాంచెస్టర్లోనూ అచ్చుపనీ ఫోటోగ్రఫీ నేర్చుకుని 1913లో తిరిగివచ్చారు. ఆ ఏడే సుప్రభతో పెళ్ళి. రెండేళ్ళకి, 1915 డిసెంబరులో, తండ్రి పోయారు. ప్రెస్సూ పత్రికా రెండూ ఆయన నెత్తిన పడ్డాయి. పగలంతా బ్లాకులూ బిల్లులూ ప్రూఫులూ. పత్రికలో జాగా మిగిలిన చోటల్లా పద్యం, కథ, నాటకం, సైన్సు వ్యాసం, వాటికి బొమ్మలు, అన్నీ తానే. సోమవారం సోమవారం స్నేహితులు చేరే 'మండే క్లబ్' కూడా ఉండేది. తిండి ధాటి చూసి దాన్ని 'మొండా క్లబ్' అనేవారట. మొండా అంటే అదొక మిఠాయి. ఎటు తిరిగినా బెంగాలీవాళ్ళు మిఠాయి దగ్గరే తేలతారు.

ఇప్పుడు పుస్తకం లోపలికి వద్దాం. అందరికీ మొదట నచ్చేవి ఆయన అతికించిన జంతువులు. బెంగాలీలో హాతి అంటే ఏనుగు, తిమి అంటే తిమింగలం. హాతి చివరి 'తి'నీ తిమి మొదటి 'తి'నీ ఒకదాన్నొకటి మింగించి 'హాతిమి' చేశాడు. కొంగ తాబేలుని మింగింది, బాతు ముళ్ళపందిలో కలిసింది. వ్యాకరణం ఒప్పుకోదని పద్యంలో తనే అంటాడు, అని, అదే చేస్తాడు. సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణలు రాయలేక బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళకి ఆ సుఖం వేరే చెప్పనక్కరలేదు. నేను మా అమ్మాయికి ఈ కిటుకు చెప్పిన నాడు అది నిమిషంలో 'ఏనుగుర్రం' చేసింది. మర్నాడు 'మేకాకి'. తెలుగుకి ఈ విద్య బాగానే అబ్బుతుందన్నమాట! తర్జుమాకి లొంగడు సుకుమార్ రాయ్ అని పండితులు అంటూ ఉంటారు. పద్యాలు లొంగవు నిజమే, కాని ఆట లొంగుతుంది.

'గోఁఫ్ చురి' అంటే మీసాల దొంగతనం. హెడ్డాఫీసు పెద్దగుమస్తా మహా నెమ్మదస్థుడు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి, నా మీసం ఎవరో ఎత్తుకుపోయారని గోల. అద్దం తెచ్చి చూపిస్తారు. ఆ చీపురుకట్ట నాది కాదంటాడు, అందరికీ జరిమానా వేస్తాడు. మనుషులకి మీసాలుండటం కాదు, మీసాలనిబట్టే మనుషులు అని తీర్మానిస్తాడు. మా వారు ఈ పద్యం విని పావుగంటసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా ఆఫీసులో ఉన్నాడు వాడు," అన్నారు. ఆయనకీ మీసం ఉండేది. నేను ఏమీ అనలేదు.

'ఏకుశే ఆయిన్' అని మరొకటి. శివుడి దేశంలో చట్టాలట. కాలు జారి పడితే జరిమానా. సాయంత్రం ఆరులోపల తుమ్మాలంటే టిక్కెట్టు కొనాలి. ఏ శిక్ష చూసినా ఇరవయ్యొకటి లెక్కన పడుతుంది. తెల్లదొరల కాలంలో రాసింది కనుక ఇది దొరల మీద వ్యంగ్యమని పెద్ద పెద్ద వ్యాసాలున్నాయి. కావచ్చు. కాని దొరలు వెళ్ళిపోయిన ఇన్నేళ్ళకి కూడా ఇంటిపన్ను పేరుమార్పుకోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన నాకు, ఆ చట్టాలేవీ కొట్టేసినట్టు అనిపించలేదు. ప్రతి తిక్కపద్యానికీ వెనకాల ఒక అర్థం వెతికి పట్టుకుంటేగాని కొందరికి నిద్రపట్టదు. పిల్లవాడు గెంతుతుంటే ఎందుకు గెంతుతున్నావని అడిగినట్టుంటుంది.

ఈ మాట అనడానికి నాకు హక్కు లేదు నిజానికి. మా పిల్లలకి కథ చెప్పిన ప్రతిసారీ చివర 'కాబట్టి' తగిలించిన తల్లిని నేను. కాబట్టి అబద్ధం ఆడరాదు, కాబట్టి అన్నం పారేయరాదు. ఇల్లాగే పెరిగాం మనం. కాని ఒక్కసారి ఆలోచించండి. కాళ్ళాగజ్జీ, చెమ్మచెక్క, వీరీ వీరీ గుమ్మడిపండు, వీటిలో ఏ నీతి ఉంది? ఏడుచేపల కథలో ఎండని చేపని పట్టుకుని అలా ఎక్కడికో వెళ్ళిపోతాం, అందులో 'కాబట్టి' ఏదీ? తిక్కపాట మనకి లేక కాదు. అది బామ్మల ఒళ్ళో ఉంది, పెరటి అరుగుల మీద ఉంది. అచ్చులోకి వచ్చేసరికి పంతులుగారు దానికి చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, నీతి నేర్పించారు. బెంగాల్లో ఒక మనిషికి అచ్చుయంత్రం సొంతానికి ఉంది, బొమ్మ వేసే చెయ్యి ఉంది, మనసూ ఉంది. ఆ ఒళ్ళో పాటని చొక్కా తొడక్కుండానే అచ్చు వేశాడు. అదీ తేడా.

ఆయన వచనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'హ-జ-బ-ర-ల'. పేరు చూస్తే అక్షరమాలని ఎవరో తన్నేసినట్టుంది కదా, కంగాళీ అని అర్థం. ఎండలో చెట్టుకింద పడుకున్న పిల్లవాడు చెమట తుడుచుకుందామని రుమాలు అందుకోబోతే అది పిల్లి అయి కూర్చుంటుంది. ఇక అక్కణ్ణుంచి పలకా బలపం పట్టుకుని లెక్కలు చేసే కాకి వస్తుంది. ఏడురెళ్ళు ఎంత అన్నది ఏ క్షణాన అడిగారన్నదాన్నిబట్టి ఉంటుందంటుంది ఆ కాకి. జరగని సంగతులు ఊహించుకుని పొట్ట పట్టుకు నవ్వే ఒక జీవి ఉంది. మేకలు ఏమి తింటాయో ఏమి తినవో ఉపన్యసించే మేక ఉంది, పేరు వ్యాకరణ్ సింగ్, డిగ్రీ కూడా ఉంది. వయసు నలభై రాగానే వెనక్కి తిప్పేసుకునే ముసలాయన ఒకడు. లేకపోతే ముసలివాళ్ళమై పోతామండీ, అంటాడు. మన రేషన్‌కార్డుల్లో వయసులు రాయించే వాళ్ళెవరో ఈ పుస్తకం చదివి ఉంటారని నా అనుమానం. చివర కోర్టు. గుడ్లగూబ జడ్జీ, ఏడుస్తూ వాదించే మొసలి, డబ్బుకి దొరికే సాక్షి.

'ఆలిస్' కథకి ఇది కాపీ అన్నవాళ్ళు ఉన్నారు. లూయీ కారల్‌ని ఆయన ఇష్టంగా చదువుకున్నారు, దాచుకోలేదు కూడా. కాని ఆలిస్ దిగిన లోకంలో అందరూ ఆ పిల్లని కసురుతూనే ఉంటారు. ఇక్కడ కసురు లేదు. ఇక్కడున్న వాళ్ళంతా వేసవి మధ్యాహ్నం అరుగు మీద పోగైన మన చుట్టాలలాంటివాళ్ళు. ఎవడి గోల వాడిది, మధ్యలో ఒకడికొకడు అడ్డం. చదివి ముగించాక ఆలిస్ తెలివి నాకు గుర్తుంటుంది. దీనిలోదైతే ఆ నవ్వే ప్రాణి నవ్వు రెండురోజులదాకా చెవిలో ఉంటుంది.

ఆడపిల్లల సంగతికి వస్తానన్నాను. ఆయన స్కూలు కథల్లో 'పగ్లా దాశు' అని ఓ తిక్క కుర్రాడున్నాడు, బెంగాలీ పిల్లలకి ప్రాణం. ఆ స్కూలు నిండా మగపిల్లలే. హ-జ-బ-ర-లలోనూ పిల్లవాడే. ఆఫీసుల్లో బాబులు, వీధుల్లో ముసలాళ్ళు, సింహాసనం మీద రాజులు. సత్పాత్రలో సైతం పెళ్ళికూతురు పద్యం అవతలెక్కడో ఉంది, ఆ పిల్లనెవరూ అడగరు. కాలం అలాంటిది అని సర్ది చెప్పవచ్చు. కాని కాదంబిని మనవడికి ఆ సాకు పూర్తిగా చెల్లదు. అల్లరి చేసే హక్కు మగపిల్లవాడిది, నవ్వే హక్కు ఆడపిల్లది అన్నట్టుగా ఉంది ఆయన పుస్తకం. మా అమ్మాయి ఎనిమిదో ఏటే ఇది పట్టేసి, "దాశుకి చెల్లెలు లేదా?" అని అడిగింది. లేదు.

ఒక్క ముసలమ్మ మాత్రం ఉంది. 'బుడీర్ బాడీ', ముసలమ్మ ఇల్లు. కూలడానికి సిద్ధంగా ఉన్న పాత ఇల్లు. దగ్గితే ఊగుతుంది, వీధిలో బండి పోతే దూలాలు రాలతాయి, ఊడిస్తే చెత్తకి బదులు ఇల్లే ఊడివస్తుంది. ముసలమ్మ బుగ్గల నిండా నవ్వుతో మరమరాలు తింటూ, దారాలతో కడుతూ, జిగురుతో అతుకుతూ, పుల్లలు పోటీ పెడుతూ, పగలూ రాత్రీ ఆ ఇంటిని ఒక్కతే నిలబెడుతూ ఉంటుంది. పిల్లలు ఇల్లు ఊగడం చూసి నవ్వుతారు. నేను మొదట్లో అలాగే నవ్వాను. ఇప్పుడు చదివితే ఆ ముసలమ్మ చేతులే కనిపిస్తాయి.

1921 మేలో కొడుకు పుట్టాడు. ఆ ఏడే ఆయనకి జ్వరం పట్టుకుంది. కాలా ఆజార్. ఇసుక ఈగ కుట్టడంవల్ల వచ్చే జబ్బు, ప్లీహం వాస్తుంది, ఒళ్ళు నల్లబడుతుంది, మనిషి ఎండిపోతాడు. గంగారాం అవలక్షణాల్లో ఒకటి ప్లీహం వాచిన జ్వరమని పైన చెప్పాను. అదే కలకత్తాలో, అదే కాలంలో, ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అనే డాక్టరు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో ఓ చిన్న గదిలో ఆ జబ్బుకి యూరియా స్టిబమైన్ అనే మందు తయారుచేశారు. అది విస్తారంగా వాడకంలోకి వచ్చేసరికి సుకుమార్ రాయ్ లేరు.

రెండున్నరేళ్ళు మంచం మీద. హ-జ-బ-ర-ల వచ్చింది ఆ రోజుల్లోనే. ఆబోల్ తాబోల్ పుస్తకానికి పద్యాలు ఏరుకోవడం, బొమ్మలు సరిచూసుకోవడం, అట్ట వేసుకోవడం, అన్నీ పడుకునే చేశారు. గాలి మార్పుకని గంగ ఒడ్డున సోదేపూర్ తీసుకువెళ్ళారు. తండ్రి గురించి సత్యజిత్ రాయ్‌కి మిగిలిన జ్ఞాపకం అక్కడిదే: నాన్న కిటికీ దగ్గర బొమ్మ వేసుకుంటూ, ఓడ వెళుతోంది చూడు అన్నాడు, తను వాకిట్లోకి పరుగెత్తాడు. చివరి రోజుల్లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, ఆయన అడిగిన పాటలు మంచం పక్కన కూర్చుని పాడారు. 1923 సెప్టెంబరు 10న పోయారు. ముప్పయ్యారు నిండలేదు. సెప్టెంబరు 19న ఆబోల్ తాబోల్ అచ్చై వచ్చింది. తొమ్మిది రోజులు.

ఈ తొమ్మిది రోజులు తెలిశాక ఆ పుస్తకాన్ని కళ్ళ నీళ్ళతోగాని చదవలేం అంటారు కొందరు. ఆఖరి పద్యంలో ఆయన సెలవు తీసుకుంటున్నాడని అంటారు. ఆ ఒక్క పద్యం మటుకు నిజమే, చదివితే గొంతు పట్టుకుంటుంది. కాని మిగతావాటికి ఆ బరువు ఎత్తకండి. వాటిలో చాలామటుకు జబ్బు రాకముందు, నెలనెలా సందేశ్ కోసం, ప్రెస్సులో కుర్రాడు కాపీ కోసం నిలబడి ఉంటే రాసినవి. 'రామ్‌గరుడ్' పిల్లలని ఒక జాతి ఉంది ఆయన పద్యంలో. వాటికి నవ్వడం నిషేధం, ఎవరైనా నవ్విస్తారేమోనని భయంతో చెట్టువైపు కూడా చూడవు. అలాంటి ఇంట్లో నేనూ కొన్నాళ్ళు ఉన్నాను, పేర్లెందుకు? ఆయన చావుని తలచుకుని ఆ పుస్తకం ముందు ముఖం మాడ్చుకు కూర్చుంటే మనమే రామ్‌గరుడ్ పిల్లలం అవుతాం.

ఏడవాలనుంటే ఆ తర్వాతి సంగతికి ఏడవవచ్చు. మూడు నాలుగేళ్ళకే ప్రెస్సు మూతబడింది. గర్పార్ రోడ్డులో మామగారు కట్టిన ఇల్లు చేయిదాటింది. సుప్రభ కొడుకు చెయ్యి పట్టుకుని భవానీపూర్లో తమ్ముడి ఇంటికి వెళ్ళింది. దిక్కులేని వితంతువుల కోసం పెట్టిన విద్యాసాగర్ బాణీభవన్లో కుట్టుపనీ చేతిపనులూ నేర్పే ఉద్యోగం చూసుకుంది, రోజూ బస్సెక్కి వెళ్ళివచ్చేది. పాట వచ్చు, మట్టిబొమ్మలు చెయ్యడం వచ్చు. శాంతినికేతనానికి వెళ్ళనని మొరాయించిన కొడుకుని పట్టుబట్టి పంపించింది. 1955లో 'పథేర్ పాంచాలి' వచ్చింది, చూసింది. 1960లో పోయింది. మరుసటి ఏడు, 1961లో, కొడుకు కవిమిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి సందేశ్‌ని మళ్ళీ మొదలుపెట్టాడు. 1987లో, తండ్రి శతజయంతికి, ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. సుకుమార్ రాయ్ మీద ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఆ బస్సు ప్రయాణాల మీద ఎవరైనా ఒక పుస్తకం రాస్తే బాగుండునని నాకు ఆశ.

ఖరగ్‌పూర్ నుంచి మాకు బదిలీ అయినప్పుడు మాషీమా ఆ అట్ట లేని పుస్తకాన్ని నా ఊరగాయ జాడీల పెట్టెలో పెట్టేసింది. స్టేషన్లో చెబితే తిరిగి ఇచ్చేస్తానని భయమట. ఆ పుస్తకం ఇప్పుడు నా మనవరాలి దగ్గరుంది. దానికి బెంగాలీ రాదు, బొమ్మలు చూసి తనే కథలు కల్పించుకుంటుంది. మొన్న ఫోన్లో, చిలుకనీ కప్పనీ కలిపి 'చిలుకప్ప' చేశానని చెప్పి, అది ఎగురుతుందా గెంతుతుందా అని అడిగింది. రేపు చెబుతానన్నాను. మూడు రోజులైంది.